చెరసాల నుండి తిరిగివచ్చినవానికి మన మధ్య చోటున్నదా?

పొందూరు అనగానే ఎక్కడివారికైనా ముందుగా గుర్తుకు వచ్చేది సన్నని ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద నూలు వడికే స్త్రీలు మా ఊరికి పేరు తెచ్చారు. అయితే కాపరులుగా ఇక్కడ కొన్నేళ్ళు గడిపిన మాకు, ఊరి పేరు వినగానే ఖద్దరు కన్న ముందుగా మనసులో మెదిలేది రైల్వే స్టేషను.

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఆ ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి చూడండి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు. భుజాన ఒక సంచి, చేతిలో ఒక బకెట్టు, అందులో అమ్మ కట్టి ఇచ్చిన పచ్చడి సీసా. ఒకడు బెంగళూరు తాపీ పనికి, ఒకడు చెన్నై కంపెనీకి, ఇంకొకడు హైదరాబాదు అపార్టుమెంట్లకు. రైలు కదిలాక తల్లులు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు అక్కడే నిలబడిపోతారు. మేము ఎన్నోసార్లు ఆ ప్లాట్‌ఫారం మీదే పిల్లల తలల మీద చేయి ఉంచి ప్రార్థన చేసి పంపించాము.

పంపించడం మాకు బాగా తెలుసు. తిరిగివచ్చినవారిని చేర్చుకోవడమే సరిగా తెలియలేదు. అందులోనూ చెరసాల మీదుగా తిరిగివచ్చినవారిని చేర్చుకోవడం ఏమాత్రం తెలియలేదు. ఈ సంగతిని దాచకుండా చెప్పాలనే ఈ నెల ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

వలస మనకు కొత్త కాదు

మన ఉత్తరాంధ్రవారికి వలస తాతల నాటి అలవాటు. వెనుకటి తరంలో ఈ జిల్లాల నుండి ఓడ ఎక్కి "రంగం" వెళ్ళనివారి ఇల్లు అరుదు. రంగం అంటే బర్మాలోని రంగూన్ పట్టణమే. అక్కడి రేవులో బస్తాలు మోసినవారిలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారిలో మన తెలుగువారు వేలకొద్దీ ఉండేవారు. 1942లో జపాను సైన్యాలు బర్మాను పట్టుకొన్నప్పుడు ఆ జనంలో ఎంతోమంది అడవుల వెంట నడిచి ప్రాణాలు దక్కించుకొన్నారు. నడవలేనివారు దారిలోనే రాలిపోయారు.

ఇప్పుడు ఓడ బదులు రైలు వచ్చింది. మేస్త్రీ బదులు ఫోనులో మాట్లాడే ఏజెంటు వచ్చాడు. కాని మారనిది ఒకటుంది. తెలియని భాషలో, తెలియని పోలీసు ఎదుట, తెలియని కాగితం మీద సంతకం పెట్టవలసివచ్చినప్పుడు మన పిల్లవాడు ఒంటరివాడే. పని కోసం వెళ్ళిన కుర్రవానికీ చెరసాలకూ మధ్య ఉన్న దూరం మనం అనుకొన్నంత ఎక్కువ కాదు.

సముద్రం మీద కనబడని గీత

ఇందుకు మన కళ్ళ ముందు జరిగిన సంగతే సాక్ష్యం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. అయినా పెద్ద పడవలు నిలబడే రేవు లేక, వేట గిట్టుబాటు కాక, మన మత్స్యకారులు ఏళ్ళ తరబడి గుజరాత్‌లోని వీరావల్‌కు వెళ్ళి, అక్కడి యజమానుల బోట్ల మీద నెలల తరబడి కూలికి వేట చేస్తున్నారు. ముందుగా కొంత సొమ్ము చేతికి ఇస్తారు. అది ఇంట్లో పెళ్ళికో పాత బాకీకో ఖర్చయిపోతుంది. ఆ తరువాత వెళ్ళక తప్పదు.

2018 నవంబరు నెలాఖరులో అలా వెళ్ళిన మనవారి బోట్లను పాకిస్తాన్ నౌకా భద్రతాదళం పట్టుకొంది. సముద్రం మీద సరిహద్దు గీత ఎవరికీ కనబడదు. అలల మీద కంచె ఉండదు. వారిని కరాచీలోని మలీర్ జైలులో పెట్టారు. వారిలో మా పొరుగు మండలమైన ఎచ్చెర్లలోని డి. మత్స్యలేశం వంటి తీరగ్రామాలవారు ఉన్నారు. ఏడాదికి పైగా ఇక్కడ ఆడవారు కాగితాలు పట్టుకొని కచేరీల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి స్వదేశంలో అడుగుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇచ్చింది. ఈ కథ ఆధారంగానే 2025 ఫిబ్రవరిలో "తండేల్" అనే సినిమా వచ్చింది. తండేల్ అంటే బోటు నడిపించే పెద్ద.

ఆ రోజుల్లోనే విజయనగరం జిల్లాకు చెందిన మత్స్యకారులు ఎనిమిది మంది ఇటు తూర్పు సముద్రంలో బంగ్లాదేశ్ జలాల్లోకి వెళ్ళి 2019 అక్టోబరులో పట్టుబడ్డారు. వారు కూడా 2020 జనవరిలోనే విడుదలయ్యారు.

భారత, పాకిస్తాన్ దేశాల మధ్య 2008లో ఒక ఒప్పందం జరిగింది. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశంవారి పేర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకొంటాయి. పేరు ఆ జాబితాకు ఎక్కడమే విడుదలకు మొదటి మెట్టు. జాబితాలో పేరు లేనివాడు, వానికోసం అడిగేవారు లేనివాడు, ఉన్నచోటే ఉండిపోతాడు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాము.

రాత్రి రైలు దిగినవాడు

మత్స్యకారులు వచ్చిన తరువాత కొంతకాలానికి మా సంఘానికి చెందిన ఒక కుర్రవాడు కూడా చెరసాల నుండి తిరిగివచ్చాడు. వాని పేరు, ఊరు ఇక్కడ రాయము. తండ్రి లేడు. తల్లి పొలం పనులకు, ఉపాధి పనులకు వెళ్ళి ఇద్దరు పిల్లలను పెంచింది. పదవ తరగతి తప్పి, పందొమ్మిదో ఏట కూలికి పొరుగు రాష్ట్రం వెళ్ళాడు. అక్కడ మూడు నెలలు కూలి అందలేదు. ఆ సమయంలో పరిచయమైన ఒకడు, ఒక సంచిని ఫలానా స్టేషను వరకు చేరవేస్తే ఐదు వేలు ఇస్తానన్నాడు. దారిలోనే పోలీసులు పట్టుకొన్నారు. సంచిలో గంజాయి.

వాడు ఏమీ ఎరుగని అమాయకుడని మేము చెప్పము. "సంచిలో మంచి సరుకు లేదని తెలుసునండి అయ్యగారూ, తెలిసే పట్టుకున్నాను" అని తరువాత వాడే మాతో చెప్పాడు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దానిని వ్యాపార పరిమాణంగా ఎంచుతుంది. దానికి శిక్ష 10 ఏళ్ళ నుండి 20 ఏళ్ళు. బెయిలు దొరకడం బహు కష్టం. వాని సంచిలో ఉన్నది అంతకు తక్కువ. అందుచేత నాలుగో నెలలోనే కోర్టు బెయిలు ఇచ్చింది. అయినా వాడు పద్నాలుగో నెల వరకు బయటికి రాలేదు. ఎందుకు? జామీను నిలబడేవారు లేక. ఆ రాష్ట్రంలో వానికి తెలిసినవారెవరు? పది నెలల పాటు, తలుపు తీసి ఉన్నా దాటలేని మనిషిలా లోపలే ఉన్నాడు.

ఇక్కడ మా తప్పు చెప్పాలి. ఆ పది నెలల మధ్యలో ఒకనాడు వాని తల్లి మా ఇంటికి వచ్చింది. చేతిలో మడతలు పడిన ఒక కాగితం. "అయ్యగారూ, మా గుంటడికి బెయిలు ఒచ్చిందంటండి. పూచీ ఉండాలంట. సంఘంలో భూమి ఉన్నోలు ఎవురైనా సంతకం ఎడతారేటండీ?" అని అడిగింది. మేము ఆ కాగితాన్ని సరిగా చదవనైనా చదవలేదు. సంఘస్థులను ఇలాంటి వాటిలోకి లాగడం మంచిది కాదని మనసులో అనుకొన్నాము. "ప్రార్థన చేద్దాం అమ్మా, ప్రభువు మార్గం తెరుస్తాడు" అని చెప్పి, ప్రార్థించి పంపించివేశాము. ఆమె లేచి, కాగితాన్ని మళ్ళీ మడిచి రవికలో పెట్టుకొని, దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆ ప్రార్థనలో మాటలు మాకు గుర్తు లేవు. ఆమె కాగితం మడిచిన తీరు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది.

చివరకు ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన న్యాయవాది ఒకరు కోర్టుకు విన్నవించి, సొంత పూచీకత్తు మీద వానిని విడిపించారు. వాడు రాత్రి రైలు దిగి, ఎవరికంటా పడకుండా చీకటిలో నడిచి ఇంటికి చేరాడు.

పూలదండ ఎవరికి?

మత్స్యకారులు వచ్చినప్పుడు పూలదండలు వేశాము. అది న్యాయమే, వారు ఏ నేరమూ చేయలేదు. కాని మా కుర్రవాడు వచ్చినప్పుడు కనీసం కుర్చీ అయినా వేయలేదు. ఆదివారం ఆరాధనకు వస్తే వాడు కూర్చొన్న వరుసలో మిగతావారు జరిగి కూర్చొన్నారు. ఆ సంవత్సరం క్రిస్మస్ క్యారల్స్‌కు వాడు డప్పు పట్టుకొని బయలుదేరాడు. ఒక పెద్దమనిషి మమ్మల్ని పక్కకు పిలిచి, "ఇంటింటికీ వెళ్ళే పని అయ్యగారూ, ఈసారికి వానిని వద్దనండి, నలుగురూ ఏమనుకొంటారు?" అన్నారు. మేము ఔననలేదు, కాదనలేదు. మౌనంగా ఊరుకొన్నాము. మౌనం చూసి వాడే అర్థం చేసుకొని, డప్పు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఐదు నెలలు గుడి గడప తొక్కలేదు.

ప్రియులారా, నిర్దోషిని చేర్చుకోవడానికి సంఘం అవసరం లేదు. ఊరంతా చేర్చుకొంటుంది. దోషం ఉన్నవానిని చేర్చుకోవడానికే సంఘం ఉన్నది. ఇది మేము ప్రసంగంలో ఎన్నోసార్లు చెప్పాము. అరుగు మీద ఉన్న ఆ డప్పును చూసినప్పుడు గాని అది మాకు తగలలేదు.

తెగిన నూలు

ఆ ఐదు నెలలూ వానిని చేరదీసింది ఎవరో తెలుసా? మా సంఘంలోని ఒక విధవరాలు. డెబ్బై దాటిన అవ్వ. చిన్ననాటి నుండి రాట్నం తిప్పి బ్రతికిన మనిషి. వాడు ఆ వీధిన వెళుతుంటే పిలిచి, పక్కన కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పత్తి గింజలు తీయించేది. జైలు సంగతి ఒక్కటీ అడిగేది కాదట.

మేము ఒకరోజు పరామర్శకు వెళ్ళి వానిని అక్కడ చూసి తడబడ్డాము. వాడు లేచి బయటికి వెళ్ళాక అవ్వ రాట్నం ఆపకుండానే అంది: "నూలు తెగిపోతే ఏకు పారేత్తామేటి అయ్యగారూ? తెగిన కాడికి ఏకు తెచ్చి అంటిస్తాం. మళ్ళీ వడుకుతాం. తెగని నూలు ఈ ఊర్లో ఎవులు వడికినారు?"

మేము వేదాంత పాఠశాలలో మూడేళ్ళు చదివాము. ఆ సాయంత్రం అవ్వ ఇంటి గడప మీద కూర్చొని నేర్చుకొన్నది అక్కడ నేర్చుకోలేదు.

ఫిలేమోనుకు వచ్చిన ఉత్తరం

ఇంటికి వచ్చి ఫిలేమోను పత్రిక తెరిచాము. 25 వచనాల చిన్న ఉత్తరం. ప్రసంగాలకు దానిని ఎత్తుకొనేవారు తక్కువ. సంగతి మీకు తెలిసిందే. ఒనేసిము ఒక దాసుడు. యజమానుని విడిచి వెళ్ళినవాడు. బహుశా సొత్తు కూడా పోగొట్టి వెళ్ళినవాడు. పరాయి పట్టణంలో, చెరసాలలో ఉన్న పౌలు దగ్గర మారుమనస్సు పొందాడు. పౌలు వానిని తిరిగి పంపుతూ యజమానుడైన ఫిలేమోనుకు ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరంలో మూడు సంగతులు గమనించండి. మొదటిది, పౌలు తప్పును కప్పిపుచ్చలేదు. నష్టం జరిగి ఉండవచ్చునని ఒప్పుకొన్నాడు. రెండవది, వానిని ఒంటరిగా పంపలేదు. చేతికి ఉత్తరమిచ్చి, తోడు మనిషినిచ్చి పంపాడు. తుకికు అతనితో కలిసి ప్రయాణం చేశాడని కొలొస్సయుల పత్రిక వలన తెలుస్తుంది. మూడవది, ఆ బాకీని తన పద్దులో వేయమన్నాడు. అంటే ఏమిటి? చెరసాలలో ఉన్న పౌలు ఇంకొకనికి జామీను నిలబడ్డాడు! ఆ తల్లి మమ్మల్ని అడిగింది అదే కదా. మేము బయట ఉండి చేయలేని పనిని పౌలు సంకెళ్ళతో చేశాడు.

మనకన్న ముందు నడిచినవారు

ఈ పరిచర్య కొత్తదేమీ కాదు. ఇంగ్లాండులో ఎలిజబెత్ ఫ్రై అనే క్వేకరు గృహిణి 1813లో లండన్ న్యూగేట్ జైలుకు వెళ్ళి, అక్కడ స్త్రీలూ పసిపిల్లలూ ఉన్న స్థితి చూసి చలించిపోయింది. 1817లో తోటి స్త్రీలను కూడగట్టి, ఖైదీలకు కుట్టుపని, పిల్లలకు చదువు ఏర్పాటు చేసింది. అమెరికాలో వాటర్‌గేట్ వ్యవహారంలో 1974లో జైలుకు వెళ్ళివచ్చిన చార్లెస్ కోల్సన్ 1976లో ఖైదీల మధ్య పరిచర్యకు ప్రిజన్ ఫెలోషిప్‌ను స్థాపించాడు.

మా మనసుకు బాగా పట్టినది లాస్ ఏంజెలెస్ నగరం సంగతి. అక్కడ మెక్సికో తదితర దేశాల నుండి వలస వచ్చిన పేదలు ఉండే పేటలో గ్రెగ్ బాయిల్ అనే కేథలిక్ ఫాదరు గారు సేవ చేస్తుండేవారు. ఆ పేట కుర్రవాళ్ళు ముఠాలలో చేరి, ఒకరినొకరు కాల్చుకొని, జైళ్ళకు వెళుతుండేవారు. ఆయన ఎందరినో సమాధి చేయవలసివచ్చింది. 1988లో ఆయన, ఆ సంఘస్థులు కలిసి ఆ కుర్రవాళ్ళకు బడి, పని చూపించే ప్రయత్నం మొదలుపెట్టారు. 1992లో ఒక రొట్టెల బట్టీ తెరిచారు. నిన్నటి దాకా శత్రువులైన ముఠాలవారు అక్కడ పక్కపక్కన నిలబడి పిండి పిసికారు. అదే పెరిగి హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్ అయింది. ముఠా గుర్తుగా ముఖం మీద పొడిపించుకొన్న పచ్చబొట్లను కూడా అక్కడ ఉచితంగా తీసివేస్తారు. మొగం మీద పచ్చబొట్టు ఉంటే పని ఎవరిస్తారు? వారు మొదట అడిగినది "ఏం తప్పు చేశావు" అని కాదు, "నీకు అడ్డం వస్తున్నదేమిటి" అని. ఆ ప్రశ్నలోనే ఉంది కిటుకంతా.

జపానులో ఇంకొక పద్ధతి ఉంది. 1950లో చేసిన చట్టం ప్రకారం అక్కడ హొగోషి అనే స్వచ్ఛంద సేవకులు ఉంటారు. జీతం లేదు. దుకాణదారులు, రిటైరైన పంతుళ్ళు, గృహిణులు, గుళ్ళలోని పూజారులు. దేశమంతటా 40 వేలకు పైగా ఉన్నారు. జైలు నుండి వచ్చినవానిని నెలకు రెండు మూడుసార్లు కలిసి, తమ ఇంటికే పిలిచి టీ ఇచ్చి మాట్లాడతారు. మా అవ్వ చేసినదీ అదే. ఆమెకు జపాను సంగతి తెలియదు, అంతే.

స్టువర్టుపురం చెప్పే పాఠం

మన రాష్ట్రంలో జరిగిన సంగతి కూడా చెప్పకపోతే సత్యం సగమే చెప్పినట్టు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని కులాలనే పుట్టుకతో నేరస్థులుగా ముద్రవేస్తూ చట్టం చేసింది. ఆ వరుసలో తరువాత వచ్చిన చట్టం కింద బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ మిషనరీలకు అప్పగించారు. వారు బడులు పెట్టారు, పని నేర్పారు, భూములు సాగు చేయించారు. ఆ మేలు కాదనలేము. కాని ఆ చట్టం కింద మనుషులకు హాజరు పిలుపులు, పాసు లేనిదే ఊరు దాటకూడదనే కట్టుబాట్లు కూడా ఉండేవి. సువార్తతో పాటు సంకెల కూడా ఒకే చేతిలో ఉండవలసివచ్చింది. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం జనం నోట చాలాకాలం నిలిచిపోయింది.

1970లలో ఆ ఊరికి వెళ్ళి, నేరప్రవృత్తి మానుకోదలచినవారి పక్షాన పోలీసులతో, కోర్టులతో, సమాజంతో మాట్లాడినవారు హేమలత, లవణం దంపతులు. ఆమె మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె. ఆయన గోరా గారి కుమారుడు. వారిద్దరూ నాస్తికులు. ఈ మాట క్రైస్తవ పత్రికలో రాయడానికి మేము సిగ్గుపడము. మనం దాటిపోయిన దారిలో సమరయుడు ఆగాడంటే, ఆ ఉపమానం చెప్పినవాడు ఎవరిని మెచ్చుకొన్నాడో మనకు తెలుసు.

ఈ చరిత్ర నుండి మేము ఒక నియమం పెట్టుకొన్నాము. సాయం చేసిన చేతిలో హాజరు పుస్తకం ఉండకూడదు. "నీకు పని చూపించాము కాబట్టి ప్రతి ఆదివారం రావాలి" అని అనకూడదు. వస్తే సంతోషం. రాకపోయినా వాడు మనవాడే.

మేము మొదలుపెట్టిన చిన్న పనులు

గొప్పగా చెప్పుకొనేటంతటివి ఏమీ లేవు. అయినా ఇతర సంఘాలవారికి ఉపయోగపడతాయేమోనని రాస్తున్నాము.

మొదట మేము ఆ తల్లి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాము. తరువాత వాని వాయిదాకు తోడుగా రైలెక్కాము. వాయిదాకు వెళ్ళిరావడమంటే మూడు రోజుల కూలి పోవడం, పైన ఛార్జీలు. డబ్బు లేక ఒక్క వాయిదా తప్పితే చాలు, వారంటు వస్తుంది, మళ్ళీ జైలే. అందుచేత స్త్రీల సమాజంవారు పిడికెడు బియ్యం కానుకలో కొంత వాయిదా ఖర్చులకు విడిగా ఉంచుతున్నారు.

రెండవది, ప్రయాణపు పుస్తకం. గుడిలో ఒక రూళ్ళ నోటు పుస్తకం పెట్టాము. పనికి వెళ్ళేవారు ఎక్కడికి వెళుతున్నారు, ఎవరు తీసుకువెళుతున్నారు, మేస్త్రీ ఫోను నంబరు, ఇంటివారి నంబరు అందులో రాసి వెళతారు. సంఘంవారే కానక్కరలేదు, ఊరివారెవరైనా రాయవచ్చు. పది రోజులు ఫోను రాకపోతే మేము ఆరా తీస్తాము. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వలన వీరావల్‌లో చిక్కుకొన్న మన మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా బస్సులలో ఊళ్ళకు చేరారు. ఎవరు ఎక్కడున్నారో పేర్లతో సహా జాబితా ఉండడం ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసింది. జాబితాలో పేరు లేనివాడు ఉన్నచోటే ఉండిపోతాడని పైన చెప్పాము గదా.

మూడవది, జైలు సందర్శన. ములాఖత్‌కు వెళ్ళలేని తల్లిదండ్రుల తరఫున ఉత్తరాలు రాసి పెట్టడం, జవాబు వస్తే చదివి వినిపించడం. మా యౌవనస్థులలో ఇద్దరు ఈ పని చేస్తున్నారు.

నాల్గవది, పని. సంఘంలోని తాపీమేస్త్రీ ఒకరు మా కుర్రవానిని హెల్పరుగా పెట్టుకొన్నారు. మొదట ఆయన కూడా జంకారు. "సిమెంటు బస్తాల లెక్క వాని చేతికి ఇస్తాను, చూద్దాం" అన్నారు. ఇప్పుడు గోడ కట్టే గుండు దారం వాని చేతిలోనే ఉంది.

ఫలితం? అబద్ధం చెప్పము. ఇంతవరకు ముగ్గురిని చేరదీశాము. ఒకడు నిలబడ్డాడు. ఒకడు రెండు నెలలు పనిచేసి, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని కనబడకుండా పోయాడు. మూడవవాడు తాగుడుతో పోరాడుతున్నాడు, ఒక వారం గెలుస్తాడు, ఒక వారం ఓడిపోతాడు. అడ్వాన్సు పోయిన మేస్త్రీకి ఆ సొమ్ము సంఘం తీర్చింది. బాకీని మన పద్దులో వేసుకోవడమంటే ఇదేనని ఆ నెల లెక్కలు చదివినప్పుడు చెప్పాము. అందరూ సంతోషించలేదు. అయినా లెక్క ఆమోదించారు.

చట్టంలో తెరిచి ఉన్న తలుపులు

కాపరులూ, సంఘ పెద్దలూ ఈ కొద్ది సంగతులు తెలుసుకొని ఉంటే ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది. మాకు ముందే తెలిసి ఉంటే ఆ పది నెలలు పోయేవి కావు.

మన దేశపు జైళ్ళలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకా తీర్పు రానివారే. శిక్ష పడకుండానే శిక్ష అనుభవిస్తున్నవారు.

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్రతి జిల్లాలోనూ ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి కూడా సహాయం అడగవచ్చు.

బెయిలు వచ్చి నెల లోపల జామీను దొరకకపోతే, షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చునని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. స్థానికులే జామీను ఉండాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమనీ, అలాంటి షరతు విధించకుండా ఉండవచ్చుననీ సూచించింది. వలస కూలీలకు ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

2023లో కేంద్ర ప్రభుత్వం పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది. అప్పటి నియమాల ప్రకారం జామీను సొమ్ము లేని విచారణ ఖైదీకి 40 వేల రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షాఖైదీకి 25 వేల రూపాయల వరకు సహాయం ఇవ్వవచ్చునన్నారు. కొన్ని రకాల నేరాలకు ఇది వర్తించదు, కాబట్టి న్యాయవాదిని అడగాలి.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి విధానం ప్రకారం, ఇంతకు ముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు, తనపై మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం విచారణలోనే గడిపివేస్తే బెయిలుకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు ఇది లేదు. ఒకటికి మించి కేసులుంటే కూడా లేదు. గంజాయి కేసుల వంటి వాటిలో అదనపు మెలికలు ఉన్నాయి.

ఇక పద్దెనిమిది ఏళ్ళు నిండని పిల్లలు చట్టంతో చిక్కుపడితే వారు వెళ్ళవలసింది బాలల న్యాయ మండలి ఎదుటకు, జైలుకు కాదు. 2015 చట్టం ప్రకారం వారి పేరు, ఫోటో పత్రికలలో వేయకూడదు. వారికి జీవితం కొత్తగా మొదలుపెట్టుకొనే హక్కు ఉంది. చట్టమే మరచిపొమ్మన్న తప్పును గుడి వరండాలో గుర్తుచేసేది మనం కాకూడదు.

చివరిగా ఒక మాట

మా కుర్రవాని కేసు ఇంకా నడుస్తోంది. తీర్పు రాలేదు. అది ఎలా వస్తుందో మాకు తెలియదు. వాడు మళ్ళీ లోపలికి వెళ్ళవలసి రావచ్చు కూడా. వెళితే ఈసారి ములాఖత్ పుస్తకంలో సంఘం పేరు ఉంటుంది. వచ్చినప్పుడు పట్టపగలు రైలు దిగమని, ప్లాట్‌ఫారం మీద మేము ఉంటామని వానికి చెప్పాము.

కిందటి క్రిస్మస్‌కు క్యారల్స్ బయలుదేరేముందు మేము గుడి బీరువా తెరిచి డప్పు తీసి, అందరి ఎదుట వాని చేతికి ఇచ్చాము. అప్పట్లో వద్దన్న పెద్దమనిషి ఏమంటారోనని లోపల జంకు లేకపోలేదు. ఆయన ఏమీ అనలేదు. కొంచెం సేపు చూసి, "డప్పు మెత్తబడిపోయింది, కాస్త మంటకు వేడి చేసి వాయించు బాబూ" అన్నారు. ఆ రాత్రి పదకొండు గంటల వరకు మేము ఇరవై ఇళ్ళు తిరిగాము. అవ్వ ఇంటి దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగాము.

ప్రియ పాఠకులారా, మీ ఊరిలో కూడా చీకటిలో రైలు దిగినవాడు ఒకడుంటాడు. ఎక్కడో పరాయి రాష్ట్రపు జైలులో జామీను కోసం ఎదురుచూసేవాడు ఇంకొకడుంటాడు. వాని తల్లి మడతపెట్టిన కాగితం పట్టుకొని మీ ఇంటికి వస్తుంది. అప్పుడు తప్పక ప్రార్థన చేయండి. కాని ముందుగా ఆ కాగితం చేతిలోకి తీసుకొని, మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా చదవండి.